పీతల వేట – లెక్క వ్రాసికొనవలసిన ఆవశ్యకత

(తీర గ్రామముల రైతుల సమావేశమునకై వ్రాసిన ప్రసంగ పాఠము)

రైతు సోదరులారా!

"నిరుడు నాకు 40 బస్తాలు వచ్చినవి, ఈ ఏడు 60 వచ్చినవి" అని ఎవరైనా చెప్పినచో మనము వెంటనే అడుగు ప్రశ్న ఒక్కటే: "ఎన్ని ఎకరములలో?" నిరుడు రెండెకరములు, ఈ ఏడు నాలుగెకరములు సాగుచేసినాడని తెలిసినచో, పంట పెరగలేదు, తగ్గినదని బడికి పోవు పిల్లవాడైనను చెప్పును. ఎకరమునకు 20 బస్తాలు పండిన భూమి ఇప్పుడు 15 బస్తాలే ఇచ్చినది.

అదే రైతు చేను పని లేని రోజులలో ఉప్పుటేటికో, మడ అడవుల పాయలకో పీతలు పట్టుటకు పోయినప్పుడు ఈ ప్రశ్నను మరచిపోవుచున్నాడు. "నిరుడు 63 కిలోలు, ఈ ఏడు 67 కిలోలు, ఏమియు తగ్గలేదు" అని తృప్తిపడుచున్నాడు. ఎన్ని బోనులు వేసినావు, ఎన్ని రాత్రులు వేసినావు అని అడుగువారు లేరు. ఈ ప్రశ్న ఎట్లు అడుగవలెనో, దాని జవాబును ఎట్లు వ్రాసికొనవలెనో, వ్రాసికొన్నదానిని ఎట్లు చదువవలెనో మీకు మనవి చేయుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

పీత జీవిత విధానము

గోదావరి, కృష్ణా నదులు సముద్రములో కలియు చోట్ల, మడ చెట్ల మొదళ్ళ బురదలో పెరుగు పెద్ద పీతను మీరందరు ఎరుగుదురు. ప్రాణముతో ఎగుమతి అగునది, మంచి ధర పలుకునది ఇదియే. ఇందు రెండు జాతులు కలవు. సిల్లా సెరాటా అను జాతి పెద్దది, ఆకుపచ్చ చాయ కలది. దీని కాళ్ళన్నిటిమీద వలకన్నుల వంటి గీతలుండును. సిల్లా ఒలివేసియా అను జాతి కొంత చిన్నది. దీని ముందుకాళ్ళు గోధుమ రంగుగానో, ఎర్రగానో ఉండును.

ఈ పీత పెరుగు పద్ధతి మన పశువుల వంటిది కాదు. పై పెంకు గట్టిది గనుక లోపలి శరీరము పెరుగుటకు చోటు చాలదు. అందుచేత పాత పెంకును విడిచి, మెత్తని కొత్త పెంకుతో బయటకు వచ్చి, అది గట్టిపడులోగా ఒక్కసారిగా పెద్దదగును. పెంకు విడిచిన కొత్తలో లోపల కండ తక్కువ, నీరు ఎక్కువ. వ్యాపారులు "వాటర్ పీత" అని ధర తగ్గించునది దీనినే.

ఆడపీత ఈడుకు వచ్చునప్పుడు పెంకు విడిచి మెత్తగా ఉన్న సమయములోనే మగపీతతో జతకట్టును. మగదాని బీజమును తనలో దాచుకొని, తరువాత ఒకటికంటె ఎక్కువ విడతల గ్రుడ్లకు వాడుకొనగలదు. గ్రుడ్లు పొదుగుటకు అది పాయలను విడిచి సముద్రములోనికి పోవును. ఒక్క పెద్ద తల్లి లక్షల కొలది గ్రుడ్లను పొట్టక్రింద మోయును. వాటినుండి వెలువడిన సూక్ష్మమైన పిల్లలు కొన్ని వారములు సముద్రపు నీటిలో తేలుచు, రూపములు మార్చుకొని, తిరిగి తీరమునకు, మడ అడవులకు చేరును. లక్షలలో బ్రతికి మనదాక వచ్చునవి బహు స్వల్పము.

ఇందు గమనించవలసిన విషయము ఒకటున్నది. మీ పాయలో పెరుగు పిల్లపీత మీ పాయలో పొదిగినది కాదు. ఏ ఊరివారు విడిచిపెట్టిన తల్లికో సముద్రములో పుట్టి, ప్రవాహములను బట్టి మీ ఊరికి చేరినది. కనుక తీరమున ఉన్న ఊళ్ళన్నిటికి విత్తనపు గాదె ఒక్కటే.

గంప చెప్పు మాట నమ్మరాదు

ఇప్పుడు ఒక లెక్క చూతము. ఇది ఉదాహరణకు వేసిన లెక్క మాత్రమే. ఒక రైతు మొదటి ఏడు 20 బోనులతో 25 రాత్రులు వేటాడినాడనుకొందము. రెండవ ఏడు మరి 20 బోనులు, మూడవ ఏడు మరి 20 బోనులు కొన్నాడు. ఒక బోనును ఒక రాత్రి వేసినచో దానిని ఒక "బోను-రాత్రి" అందము.

మొదటి ఏడు: 500 బోను-రాత్రులు, 150 పీతలు, 60 కిలోలు.
రెండవ ఏడు: 1,000 బోను-రాత్రులు, 180 పీతలు, 63 కిలోలు.
మూడవ ఏడు: 1,500 బోను-రాత్రులు, 225 పీతలు, 67.5 కిలోలు.

గంపను చూచినచో ఏటేట పెరుగుచునే ఉన్నది. కాని 100 బోను-రాత్రులకు ఎన్ని పీతలు పడినవో చూడుడు. మొదటి ఏడు 30, రెండవ ఏడు 18, మూడవ ఏడు 15. సగమునకు పడిపోయినది. పీత సగటు బరువు 400 గ్రాములనుండి 350కి, 300కి దిగినది. ఎరకు, బోనులకు, పడవకు పెట్టిన ఖర్చు ఇంచుమించు మూడు రెట్లయినది; అధికముగా వచ్చినది ఏడున్నర కిలోలు. అదియు చిన్న పీతలు గనుక తక్కువ ధరకే పోవును.

ఈ రైతు నష్టపోవుచున్నట్లు అతనికి ఎప్పుడు తెలియును? బోనులు 80 చేసినను గంప నిండని నాడు తెలియును. అప్పటికి బోనులకు తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరుగుచుండును. పాయలో తల్లిపీతలు కరువగును. లెక్క వ్రాసికొన్న రైతుకు ఇది రెండవ ఏడు ముగియకముందే తెలియును. లెక్క వలన కలుగు లాభము ఇదియే. అది పీతలను పుట్టించదు. చేయి దాటకముందు హెచ్చరించును.

గంప మోసగించు మార్గములు మరికొన్ని కలవు. దగ్గరి పాయలో తగ్గినచో దూరపు పాయకు పోవుదుము. ఒక రాత్రి బదులు రెండు రాత్రులు బోను ఉంచుదుము. మంచి ఎర వేయుదుము. వీటన్నిటివలన గంప నిండును గాని, అది మన శ్రమ ఫలితమే గాని పీతలు సమృద్ధిగా ఉన్నవనుటకు గుర్తు కాదు.

వ్రాసికొనవలసిన విషయములు

పిల్లల పాత నోటుపుస్తకము ఒకటి, పెన్సిలు ఒకటి, సెంటీమీటర్లు గల కొలబద్ద ఒకటి చాలును. వేటకు పోయిన ప్రతిదినము ఈ క్రింది విషయములు వ్రాయవలెను.

1. తేదీ, తిథి. అమావాస్య, పున్నములకు పోటు పాటులు అధికముగా ఉండును. అష్టమి నాటి వేటను పున్నమి నాటి వేటతో పోల్చరాదు.

2. చోటు. "పెద్ద పాయ, వంతెన దిగువ" అని మీకు గుర్తుండునట్లు వ్రాసిన చాలును.

3. బోనుల సంఖ్య, నీటిలో ఉంచిన గంటలు, వేసిన ఎర. కొక్కెముతో బొరియలలో పట్టువారు ఎందరు మనుషులు ఎన్ని గంటలు తిరిగినదియు వ్రాయవలెను. ఏమియు పడని రోజును తప్పక వ్రాయవలెను. సున్న కూడ ఒక లెక్కయే.

4. పడిన పీతల సంఖ్య, మగవి ఎన్ని, ఆడవి ఎన్ని. వెల్లకిల త్రిప్పి చూచినచో పొట్టమీది మడత మగదానికి సన్నగా, కోణముగా ఉండును. ఈడుకు వచ్చిన ఆడదానికి వెడల్పుగా, గుండ్రముగా ఉండును. ఈడు రాని ఆడదానికి ఈ రెంటికి మధ్యగా ఉండును. దీనిని వేరుగా వ్రాయవలెను.

5. వెడల్పు. ముందుకాళ్ళను త్రాటితో కట్టిన తరువాత, పై పెంకును అడ్డముగా, రెండు ప్రక్కల చివరి ముళ్ళ మొననుండి మొనవరకు కొలువవలెను. అన్నిటిని కొలుచుటకు వీలుకానిచో, ఏరకుండ చేతికి వచ్చిన మొదటి పదింటిని కొలువవలెను. పెద్దవి ఏరి కొలిచినచో లెక్క చెడును.

6. పెంకు స్థితి. అడుగు భాగమున కాళ్ళ మొదళ్ళవద్ద బొటనవ్రేలితో నొక్కినచో లొంగునది మెత్తనిది, లొంగనిది గట్టిది. కాలు విరిగినవి, బోనులో చచ్చినవి ఎన్ని అనునదియు వ్రాయవలెను.

7. తిరిగి నీటిలో విడిచినవి ఎన్ని. చిన్నవి, మెత్తనివి, గ్రుడ్లతో ఉన్నవి వేరువేరుగా వ్రాయవలెను.

ఈ ఏడవదానిని చాలమంది విడిచిపెట్టుదురు. అమ్మినదే లెక్క గాని విడిచినది లెక్కకాదని వారి అభిప్రాయము. ఇది పొరపాటు. ఈనాడు మీ బోనులో పడిన చిన్న పీతయే రాబోవు కాలపు మీ సరుకు. అది పడుట మానినచో ముందున్నది కరువని తెలిసికొనవలెను.

కొనుగోలుదారు ఇచ్చు చీటీలను పారవేయరాదు. పెద్దవి ఎన్ని కిలోలు, మధ్యరకము ఎన్ని, వాటర్ పీతలు ఎన్ని అని అతడు ధరకోసము విడదీసి వ్రాసినచో, అది మీరు శ్రమపడకుండ లభించిన లెక్క. తేదీల వరుసన ఒక దారమునకు గ్రుచ్చి ఉంచవలెను.

లెక్కను చదువు విధము

నెలాఖరున 100 బోను-రాత్రులకు ఎన్ని పడినవో, సగటు వెడల్పు ఎంతయో తీసి, నిరుటి అదే నెలతో పోల్చవలెను. శ్రావణమును మాఘముతో పోల్చరాదు. వరదనీరు వచ్చి ఉప్పదనము తగ్గినచో పీతలు చోటు మారును. ఆడపీతలు సముద్రమునకు పోవు కాలములో పాయలలో మగవే అధికముగా కనబడును. ఒక్క నెల తగ్గినంత మాత్రమున భయపడవలసిన పని లేదు. వరుసగా రెండు మూడేళ్ళు ఒకే దిక్కుగా నడచునది అసలైన గుర్తు.

సంఖ్య తగ్గి, పరిమాణము కూడ తగ్గుచున్నచో, పెద్దవి పెరుగుటకు వ్యవధి లేకుండ పట్టివేయుచున్నామని అర్థము.

సంఖ్య తగ్గుచు, సగటు పరిమాణము పెరుగుచున్నచో చాలమంది సంతోషింతురు. "పీతలు తక్కువైనను బలముగా ఉన్నవి" అందురు. ఇది ఎక్కువ ప్రమాదకరమైన గుర్తు. క్రొత్తగా పిల్లలు చేరుటలేదు, ఉన్న ముసలివే మిగిలినవి అని దీని అర్థము కావచ్చును. పిల్లలు లేని ఇంట సగటు వయస్సు పెరుగును గదా!

పెద్ద మగపీతలు మరీ తగ్గినచో, ఆడవి ఎన్ని ఉన్నను వాటికి తగిన జత దొరకదు. మెత్తని పీతలు అధికముగా పడుచున్నచో అది పెంకు విడుచు కాలము. ఆ పక్షము రోజులు ఆగినచో అదే పీత కండపట్టి, మంచి ధరకు పోవును.

చెసపీక్ అఖాతపు అనుభవము

లెక్క పెద్ద ఎత్తున ఎట్లు పనిచేయునో తెలిసికొనుటకు అమెరికా తూర్పు తీరమును చూతము. అచట మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రముల మధ్య చెసపీక్ అను విశాలమైన అఖాతము కలదు. అందలి నీలిపీతల వేట తరతరములుగా ఎన్నో కుటుంబములకు జీవనాధారము.

అచట 1990 నుండి ప్రతి శీతాకాలమున పీతలను లెక్కించుచున్నారు. చలికి పీతలు బురదలో పూడుకొని కదలక ఉండును గనుక ఆ కాలమును ఎన్నుకొన్నారు. మన పంటకోత ప్రయోగములలో కొన్ని మళ్ళు ఎంచి, కోసి, తూచి, ఆ ప్రాంతపు దిగుబడిని అంచనా వేయుదురు గదా! అట్లే అచట అఖాతమంతట సుమారు 1,500 చోట్లు ఎంచి, మన దంతె వంటి ఇనుప పళ్ళు, వెనుక వల గల ఆరడుగుల సాధనమును ఒక్కొక్క చోట ఒక్క నిమిషము లాగుదురు. పడిన ప్రతి పీతను కొలిచి, ఆడ మగ గుర్తించి వ్రాయుదురు. సాధనమునకు చిక్కక తప్పించుకొనునవి ఎన్నియో కూడ వేరుగా పరీక్షించి, లెక్కలో కలుపుదురు. పీతలున్న చోటు, లేని చోటు అను విచక్షణ లేదు. వేటగాడు పీతలున్న చోటికే పోవును. లెక్క తీయువాడు అన్ని చోట్లకు పోవును. ఇందలి కిటుకు ఇదియే.

ఈ లెక్కలు చాలకాలము పీతలు క్షీణించినట్లు చూపుటచే, 2008లో రెండు రాష్ట్రములు కలిసి ఆడపీతల వేటను 34 శాతము తగ్గించవలెనని నిర్ణయించినవి. శీతాకాలమున బురదలో పూడుకొన్న పీతలను లాగి పట్టు వేటను వర్జీనియా ఆ ఏడే నిలిపివేసినది. ఆ వేటలో పడునవి ముఖ్యముగా ఆడపీతలే. జీవనము పోయినవారికి అది కష్టకాలమే. కాని రెండేళ్ళలో తల్లిపీతల సంఖ్య రెట్టింపునకు మించినది.

ఇంతటితో కథ సుఖాంతమని చెప్పుట సత్యము కాదు. 2022లో అన్ని వయస్సుల పీతలు కలిపి 22.7 కోట్లే ఉన్నట్లు తేలినది; లెక్క మొదలైన నాటినుండి అంత తక్కువ ఎన్నడు లేదు. అప్పుడు తల్లిపీతలు 9.7 కోట్లు. తల్లిపీతలు 7.25 కోట్లకు తగ్గరాదని అచట హద్దు పెట్టుకొన్నారు. అనగా తల్లులు హద్దు పైననే ఉన్నను, పిల్లలు, మగవి తగ్గినవి. తల్లులను మాత్రమే లెక్కించి ఊరకుండినచో ఈ సంగతి బయటపడెడిది కాదు. ఆ ఏడు మేరీలాండ్ ప్రభుత్వము మగపీతల వాణిజ్య వేటకు కూడ పరిమితి విధించినది. 2025 లెక్కలో మొత్తము 23.8 కోట్లు మాత్రమే కనబడినవి. ఒకసారి బాగుచేసితిమని లెక్క మానివేయుటకు వీలులేదని దీనివలన తెలియుచున్నది.

లెక్క తప్పిన ఒక్క ఏడు

రెండవ అనుభవము ఉత్తరమున అలాస్కా ప్రాంతపు బేరింగ్ సముద్రమునకు సంబంధించినది. అచటి మంచుపీతలను ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఏటేట వేసవిలో, నిర్ణీతమైన చోట్ల వలలాగి లెక్కించెడివారు. 2018లో పీతలు మునుపెన్నడు లేనంత సమృద్ధిగా కనబడినవి. 2018, 2019 సంవత్సరములలో ఆ సముద్రపు నీరు అసాధారణముగా వేడెక్కినది. 2020లో కోవిడ్ మహమ్మారి మూలమున ఆ ఏటి లెక్క తీయుటకు వీలుకాలేదు. ఆ శీతాకాలపు వేటకు సుమారు 20,400 టన్నుల వరకు పట్టవచ్చునని అనుమతి ఇచ్చిరి. 2021లో మరల వలలు లాగి చూచినప్పుడు పీతలు లేవు. 2018 మొదలు అప్పటికి వెయ్యి కోట్లకు మించిన పీతలు మాయమైనవని తేలినది.

2021-22 వేటకు అనుమతి సుమారు 2,500 టన్నులకు తగ్గినది. 2022 అక్టోబరులో వేటను పూర్తిగా మూసివేసిరి. అచట మంచుపీతల వేట మూతపడుట అదే మొదటిసారి. రెండు వేటకాలములు మూసి, 2024లో స్వల్ప పరిమితితో తిరిగి తెరచిరి. వెచ్చని నీటిలో పీతలకు ఆకలి పెరుగును. సంఖ్య అధికమగుటచే తిండి చాలలేదు. ఆకలిచే చచ్చినవని 2023లో ప్రకటించిన పరిశోధన తేల్చినది.

దీనినుండి రెండు పాఠములు నేర్చుకొనవచ్చును. మొదటిది, నాశము ఎల్లప్పుడు వేటవలననే రాదు. నీటి వేడివలన, తిండి కొరతవలన కూడ రావచ్చును. నీటి సంగతి కూడ పుస్తకములో ఒక ముక్క వ్రాయవలెను: వరద వచ్చినదా, ఎండకు పాయ మరిగినదా, చేపలు చచ్చి తేలినవా అని. రెండవది, గడ్డుకాలములోనే లెక్క మానివేయుదుము. లెక్క అక్కరపడునది ఆ కాలములోనే.

మన ఊళ్ళలో చేయదగినది

మన దేశమున సముద్రపు చేపల రాబడిని కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు రేవులలో నమూనాలు తీసి అంచనా వేయుచున్నారు. కాని రేవుకు రాని సరుకు రేవులో లెక్కకు రాదు. పాయలో పట్టి, ఇంటి వాకిటనే కాటా వేసి అమ్మిన పీతకు సాక్షులు మీరే. కనుక మీ పుస్తకము లేనిచో ఆ పాయ సంగతి ఎవరికిని తెలియదు.

ఊరిలో అందరు వ్రాయనక్కరలేదు. అయిదారు ఇండ్లవారు శ్రద్ధగా వ్రాసిన చాలును. దీనికి తోడు "నమూనా బోనులు" పది పెట్టుకొనుడు. ఒకే కొలత బోనులు, ఒకే పది చోట్లు, ఒకే ఎర, నెలకు రెండు రాత్రులు, ఒకే తిథికి, ఒకే గంటలు. పీతలు పడినను పడకున్నను చోటు మార్చరాదు. "అక్కడ ఏమియు పడుటలేదు, ఇవతలికి మార్చుదము" అని ఎవరైనా అన్నచో ఒప్పుకొనరాదు. పడుటలేదను సంగతి తెలిసికొనుటకే ఆ బోను అక్కడ ఉన్నది. పడినవాటిని కొలిచి, వ్రాసి, చిన్నవాటిని, గ్రుడ్లవాటిని విడిచిపెట్టవలెను. ఈ పని పాఠశాల పిల్లలకు నేర్పినచో పెద్దలకంటె శ్రద్ధగా చేయుదురు. అభయారణ్యపు హద్దులలో ఉన్న పాయలలో అటవీశాఖ నియమములను ముందుగా తెలిసికొనవలెను.

లెక్క తగ్గినచో ఏమి చేయవలెనో లెక్క బాగున్ననాడే ఊరంతయు కూర్చుండి నిర్ణయించుకొనవలెను. తగ్గిననాడు కూర్చున్నచో జగడమే మిగులును. ఉదాహరణకు, మూడేళ్ళ సగటుకంటె మూడవవంతు తగ్గినచో, కోలుకొనువరకు ఎవరును బోనులు పెంచరాదని, ఈడు రాని ఆడపీతలను పట్టరాదని కట్టుబాటు చేసికొనవచ్చును. గ్రుడ్లతో ఉన్న తల్లిని ఏ కాలములోను అమ్మరాదు. బోనుకు ప్రక్కన చిన్న పీత తప్పించుకొని పోవునంత కంత ఉంచవలెను. బోను మీది ఒక భాగమును నూలు దారముతో కుట్టవలెను. త్రాడు తెగి బోను నీటిపాలైనచో కొన్నాళ్ళకు ఆ దారము చివికి, దారి తెరచుకొని, లోపలి పీతలు బయటపడును. అలాస్కాలో పీతబోనులకు ఇట్టి నూలుదారపు ద్వారము చట్టముచేతనే తప్పనిసరి. లేనిచో పోయిన బోను అడుగున పడి, ఎవరికి ఉపయోగము లేక, పీతలను చంపుచునే ఉండును.

చెరువులలో పీతలు పెంచు సోదరులకు ఒక మాట. పాయలలో ఏరి తెచ్చి చెరువులో విడిచిన పిల్లలు కూడ వేటలో భాగమే. కొన్న పిల్లల సంఖ్య, తెచ్చిన చోటు, బ్రతికినవి ఎన్ని, పట్టుబడికి వచ్చినవి ఎన్ని వ్రాసికొనవలెను. నూటికి ఎన్ని చచ్చుచున్నవో తెలిసిననాడు, చవకగా దొరికిన పిల్ల నిజముగా చవకయో కాదో తెలియును. తమిళనాడులో శీర్కాళి సమీపమున తొడువాయి వద్ద రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రమువారు పీత పిల్లలను ఉత్పత్తి చేయుచున్నారు. అట్టి పిల్లలను వాడినంతవరకు పాయలపై భారము తగ్గును.

ముగింపు

సోదరులారా! వచ్చే కాలమునకు మరి 20 బోనులు కొనుటకు అప్పు చేయవలెనా, వద్దా అని మీలో కొందరు ఇప్పటికే ఆలోచించుచుందురు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పజాలను. పొరుగువాడు చెప్పజాలడు, అప్పిచ్చువాడు అసలే చెప్పడు. 100 బోను-రాత్రులకు మీకు నిరుడు ఎన్ని పడినవి, ఈ ఏడు ఎన్ని పడుచున్నవి అను రెండు అంకెలు చెప్పును. ఆ అంకెలు పెరుగుచున్నచో నిదానించి చూడుడు. తగ్గుచున్నచో, కొత్త బోను పట్టునది మీ పాత బోనులో పడవలసిన పీతనే. ఆ అప్పు తీర్చునది పాయ కాదు, మీ పొలము.

ఈ ప్రసంగము చదివిన తరువాత మీరు చేయవలసిన పని ఒక్కటే. రేపు వేటకు పోవునప్పుడు ఎన్ని బోనులు వేసినారో లెక్కించి, తిరిగి వచ్చిన తరువాత ఎన్ని పడినవో, ఎన్ని విడిచినారో ఒక కాగితము మీద వ్రాయుడు. ఆ ఒక్క వరుస మొదటిది. అట్టి వరుసలు మూడేళ్ళు పేరుకొన్ననాడు, నీటి అడుగున కంటికి కనబడని మీ పాయ, మీ వరిచేను వలెనే మీకు విశదముగా కనబడును.